ఆపుకొనలేని మూత్రవేగము: దానిని వైద్యులు తెలిసికొనిన చరిత్ర

శరీరమునకు కలుగు వ్యాధులలో నలుగురిలో చెప్పుకొనదగినవి కొన్ని, చెప్పుకొనరానివి కొన్ని అని లోకము తనంతట తానే ఒక విభజనము చేసికొన్నది. గుండెనొప్పి వచ్చినదని చెప్పుటకు ఎవరును సంకోచింపరు. కాని గంటకొకమారు లేవవలసివచ్చుచున్నదనియు, లేచి నాలుగడుగులు వేయునంతలోనే బట్ట తడియుచున్నదనియు కన్నకూతురితోనైనను చెప్పుకొనని తల్లులు మన యిండ్లలో ఎందరో కలరు. ‘ఒంటికి పోవుట’ అను చాటుమాటతోనే ఆ ప్రసక్తిని ముగించుట మన మర్యాద. ఆ మర్యాదచాటున దాగియున్న వ్యాధి యొకటి కలదు. దానిని వైద్యులు ఎట్లు గుర్తించిరి, దానికి ఏ కారణములు చెప్పిరి, ఏ చికిత్సలు చేసిరి అనునదియే ఈ ప్రసంగమునకు విషయము.

ముందుగా వ్యాధి యెట్టిదో తెలిసికొందము. మూత్రపిండములనుండి నిముషమునకు సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున మూత్రము దిగుచు మూత్రాశయమును చేరుచుండును. ఆరోగ్యవంతుడైన పెద్దవాని మూత్రాశయము 300 మొదలు 500 మిల్లీలీటర్లవరకు పట్టును. నిండుచున్నంతసేపు దాని కండరము సడలి నిశ్చలముగా నుండును. నిండవచ్చినపుడు మెల్లగా తెలివిడి చేయును. మనము అనుకూలమైన చోటు చూచుకొనువరకు వేచియుండును. వ్యాధిగ్రస్తునియందు ఈ ఓర్పు తప్పును. సగమైనను నిండకమునుపే ఆపరాని వేగము హఠాత్తుగా పుట్టును. కొందరికి చోటు చేరకమునుపే మూత్రము జారును. కొందరికి జారదు గాని పగలెల్ల తిరుగుటయు, రాత్రి పలుమారులు లేచుటయు తప్పదు. దీనిని నేటి వైద్యులు ‘ఓవర్ ఆక్టివ్ బ్లాడర్’ అందురు. మనము ‘అతిచంచల మూత్రాశయము’ అనవచ్చును. మధుమేహమున మూత్రము పరిమాణమునందే హెచ్చును, అది వేరు. దగ్గినపుడును, తుమ్మినపుడును కొందరు స్త్రీలకు మూత్రము జారుట కలదు; అదియు వేరు. ఇక్కడ ప్రధానలక్షణము నిలువనీయని వేగము.

మూత్రసంబంధమైన బాధలు మిక్కిలి ప్రాచీనములు. క్రీస్తుపూర్వము 1550 ప్రాంతమున ఈజిప్టుదేశమున వ్రాయబడి, నేడు ఎబర్స్ పత్రమని పేరొందిన వైద్యగ్రంథమునందే మితిమీరి వచ్చు మూత్రమును అరికట్టు మందులు చెప్పబడియున్నవి. మన దేశమున సుశ్రుతుడు మూత్రాశయమును ‘వస్తి’ యని పేర్కొని, మెడవరకు నీటిలో ముంచిన కొత్తకుండ ప్రక్కలనుండి ఊరిన నీటితో ఎట్లు నిండునో అట్లే వస్తియు నిండునని వర్ణించెను. ఉపమానము చక్కనిదే కాని దారి సరియైనది కాదు. మూత్రపిండములనుండి రెండు సన్నని నాళములద్వారా మూత్రము దిగుచున్నదను సంగతిని క్రీస్తుశకము రెండవ శతాబ్దమున గాలెన్ అను గ్రీకువైద్యుడు జంతువులయందు ఆ నాళములను దారముతో బిగించి ప్రత్యక్షముగా చూపెను.

దారి విషయమున పొరపడినను, వ్యాధిలక్షణములను గమనించుటలో మనవారు ఎవరికిని తీసిపోలేదు. సుశ్రుతుడు మూత్రాఘాతములను పండ్రెండు విధములుగా విభజించెను. వాటిలో వాతకుండలిక యనుదానియందు వాయువు వస్తిలో సుడితిరుగుచుండుటవలన రోగి బాధతో కొద్దికొద్దిగా మూత్రము విడుచునని చెప్పెను. మలమూత్రములను వెలికి పంపు శక్తికి అపానవాయువని పేరు పెట్టి, దాని గతి చెడుటయే యిట్టి వ్యాధులకు మూలమని ఆయుర్వేదజ్ఞులు తలంచిరి. చరకుడు అణచిపెట్టరాని వేగములను పదమూడింటిని చెప్పుచు మూత్రవేగమునే మొట్టమొదట పేర్కొనెను. ఈ మాట జ్ఞాపకమునందుంచుకొనవలయును. దీనితో తరువాత పని కలదు. దోషము సంచిలో లేదు, సంచిని నడపు శక్తియందున్నది అను భావమునకు ప్రాచీనులు చాల దగ్గరకు వచ్చిరని చెప్పవచ్చును. అయితే ఆ శక్తి నరములద్వారా పనిచేయునని వారికి తెలియుటకు సాధనములు లేవు.

పందొమ్మిదవ శతాబ్దమువరకు పాశ్చాత్యదేశములలోను స్థితి యిట్లే యుండెను. మూత్రాశయమున రాయి యున్నచో తీయుట శస్త్రవైద్యులకు తెలియును. రాయి లేనపుడు ఏమి చేయవలయునో తెలియదు. పక్క తడుపు పిల్లలను సోమరులని దండించుటయు, పెద్దవారిని ముసలితనమని ఊరడించుటయు, స్త్రీలను మనోదౌర్బల్యమని ఉపేక్షించుటయు సామాన్యమై యుండెను. ఆ కాలమున నిజముగా కొంత గుణమిచ్చిన మందు బెల్లడోనా యను విషపుమొక్క. పారిస్ నగరమున ట్రూసో (1801–1867) అను ప్రఖ్యాతవైద్యుడు రాత్రివేళ పక్క తడుపు బాలురకు దానిని వాడెను. 1830 తరువాతి కొలది సంవత్సరములలో జర్మనీ రసాయనజ్ఞులు ఆ మొక్కనుండి అట్రోపీన్ అను సారమును వేరుపరచిరి. మన పొలముగట్లమీద పెరుగు ఉమ్మెత్తయు ఇదే కుటుంబమునకు చెందినది; దానిలోని విషమును ఈ జాతిదే. ఉమ్మెత్త తిన్నవానికి నోరు ఎండి, కంటిపాప విచ్చి, మతి భ్రమించుట మనవారు ఎరిగినదే. కనుక దీనిని ఎవరును సొంతవైద్యమునకు వాడరాదు. మందు పనిచేయుచుండెను, ఏల పనిచేయుచున్నదో ఆ నాటి వైద్యుడు చెప్పలేకుండెను.

ఆ ‘ఏల’ యను ప్రశ్నకు సమాధానము మూడు దిక్కులనుండి వచ్చినది.

మొదటిది ఇటలీనుండి. 1881 ప్రాంతమున మోసో, పెల్లకాని అను శాస్త్రజ్ఞులు మూత్రాశయములోని ఒత్తిడిని కొలిచి చూచిరి. అది నిర్జీవమైన తోలుతిత్తివలె నుండునని అంతవరకు తలంచినవారికి ఆశ్చర్యము కలుగునట్లు, మాటకును, స్పర్శకును, మనస్సున కలిగిన కలతకును అది ముడుచుకొనుట కనబడెను. పరీక్షకు కూర్చున్నపుడును, రైలు కదలునపుడును వేగము కలుగుట ఏలనో దీనివలన కొంత తెలిసినది. ఇంచుమించు ఆ కాలముననే, 1877లో, మాక్స్ నిట్సే యను జర్మనీ వైద్యుడు మూత్రాశయములోనికి వెలుగు పంపి కంటితో చూచు యంత్రమును నిర్మించెను. రాయియు, కంతియు, పుండును లేవని రూఢిగా తెలిసిన పిమ్మట మిగిలిన రోగులకు వేరు కారణమును వెదకవలసిన అవసరము కలిగెను.

రెండవది నరముల రసాయనశాస్త్రమునుండి. 1905లో కేంబ్రిడ్జిలోని లాంగ్లీ, మందులు శరీరకణములయందలి ఒకానొక గ్రాహకపదార్థమును పట్టుకొని పనిచేయునని సూచించెను. 1914లో హెన్రీ డేల్ అసిటైల్‌కోలిన్ అను పదార్థము యొక్క గుణములను వివరించెను. 1921లో ఆస్ట్రియాలోని ఆటో లోవీ కప్పగుండెలతో ప్రయోగముచేసి, నరము తన ఆజ్ఞను ఒక రసాయనముద్వారా కండరమునకు అందించునని ఋజువుచేసెను. ఈ యిరువురకును 1936లో నోబెల్ బహుమానము లభించినది. మూత్రాశయమును ముడుచుకొమ్మని నరము చెప్పుట అసిటైల్‌కోలిన్ ద్వారానే. అట్రోపీన్ ఆ గ్రాహకములను ఆక్రమించి ఆజ్ఞను చేరనీయదు. అదే ఆజ్ఞ లాలాజలగ్రంథులకును, ప్రేగులకును, కంటికిని పోవును గనుక ఆ మందువలన నోరు ఎండుట, మలబద్ధము, చూపు మసకయగుట కూడ కలుగుచున్నవి. ట్రూసో కాలపు చిక్కు ఇట్లు విడిపోయినది.

మూడవది యుద్ధభూమినుండి. మొదటి ప్రపంచయుద్ధమున వెన్నుపాము తెగిన సైనికులను పరీక్షించి, హెన్రీ హెడ్, జార్జి రిడోక్ అను ఆంగ్లవైద్యులు 1917లో ఒక విశేషమును ప్రకటించిరి. మెదడుతో సంబంధము తెగిపోయినను కొంతకాలమునకు మూత్రాశయము తనంతట తానే ముడుచుకొని ఖాళీ యగుచుండెను. రోగికి దాని స్పృహయు లేదు, దానిపై అధికారమును లేదు. కాలిని తాకినను చాలును, మూత్రము వెడలుచుండెను. 1925లో బారింగ్టన్ అను లండను వైద్యుడు పిల్లులపై ప్రయోగములుచేసి, మెదడు అడుగుభాగమున ఒక కేంద్రము కలదనియు, అది చెడినచో మూత్రాశయము ఖాళీ కాజాలదనియు కనుగొనెను. 1964లో ఆండ్రూ, నేథన్ అనువారు మెదడు ముందుభాగమున దెబ్బతగిలిన, లేక కంతి పెరిగిన రోగులను వర్ణించిరి. వీరికి మూత్రవేగము ఆపరానిదై యుండెను. ముఖ్యమైన సంగతి యేమనగా, వీరు సిగ్గెరుగనివారు కారు. తమ స్థితికి మిక్కిలి కుమిలిపోవుచుండిరి. లజ్జ చెక్కుచెదరలేదు, అధికారము మాత్రము చేయిదాటినది. రోగి యొక్క శీలమునకును ఈ వ్యాధికిని సంబంధము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలయును?

ఈ మూడు ధారలును కలిసి నేటి సిద్ధాంతము ఏర్పడినది. వెన్నుపాము అడుగుభాగము పనివాడు. మెదడు అడుగున నున్న కేంద్రము ఆజ్ఞనిచ్చు మేస్త్రి. మెదడు ముందుభాగము సమయాసమయములను చూచి ‘ఇప్పుడు కాదు’ అని ఆపు యజమాని. శిశువునకు ఈ యజమాని యింకను ఎదుగలేదు గనుక నిండినప్పుడెల్ల మూత్రము వెడలును. పక్షవాతము, వణుకుడుజబ్బు, వెన్నుపాము గాయములు ఈ అధికారమును చెరచును. మగవారికి వయసుమీరినపుడు పౌరుషగ్రంథి వాచి దారిని బిగించుటచే మూత్రాశయకండరము మితిమీరి శ్రమపడి చిరాకు నొందును. స్త్రీలకు ముట్లుడిగిన పిమ్మట కలుగు మార్పులును, మలబద్ధమును, కాఫీ తేయాకుల అతిసేవనమును దీనిని హెచ్చించును. ఎంత వెదకినను కారణము దొరకని రోగులు పెక్కుమంది. మూత్రాశయము నిండినదను స్పర్శ మొదట ఎట్లు పుట్టుననునది చిరకాలము తెలియలేదు. సాగుదలను గుర్తించు పియెజో-2 అను ప్రోటీను మూత్రాశయమునను పనిచేయుచున్నదని 2020లో ప్రకటింపబడినది. ఆ జాతి ప్రోటీనులను కనుగొనిన ఆర్డెమ్ పటపూటియన్‌నకు 2021లో నోబెల్ బహుమానమున భాగము లభించినది.

ఇక నామకరణ వృత్తాంతము. 1927లో రోజ్ అను అమెరికా వైద్యుడు మూత్రాశయపు ఒత్తిడిని కొలుచు పరికరమును వైద్యశాలలలోనికి తెచ్చెను. నింపుచుండగా కండరము తనంతట ముడుచుకొనుటను రేఖాచిత్రమున చూచిన పిమ్మట, 1970 ప్రాంతమున ఆంగ్లవైద్యులు దీనిని ‘అస్థిర మూత్రాశయము’ అనిరి. 1997 ప్రాంతమున పాల్ అబ్రామ్స్, అలన్ వైన్ అను వైద్యులు ‘ఓవర్ ఆక్టివ్ బ్లాడర్’ అను పేరును ప్రచారములోనికి తెచ్చిరి. 2002లో అంతర్జాతీయ కంటినెన్స్ సంఘము, యంత్రపరీక్షతో పనిలేకుండ రోగి చెప్పు లక్షణములనుబట్టియే ఈ వ్యాధిని నిర్ణయింపవచ్చునని నిర్వచనము చేసినది. ఈ పేరు మందులు చేయు వర్తకులకు మిక్కిలి ఉపకరించినదని కొందరు వైద్యులు విమర్శించిరి. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. కాని సులభమైన పేరు దొరకుటవలన రోగులు నోరు విప్పిరనుటయు సత్యమే. 2003లో అమెరికాలో ప్రకటించిన గణన ప్రకారము స్త్రీలలో నూటికి 16.9 మందికిని, పురుషులలో 16.0 మందికిని ఈ లక్షణములుండెను. 2006లో కెనడాయందును, ఐరోపాలోని నాలుగు దేశములయందును చేసిన గణనమున పెద్దలలో నూటికి 11.8 మంది తేలిరి. సుమారు ప్రతి ఎనిమిది, తొమ్మిదిమందిలో నొకరికి గల బాధను వింతవ్యాధి యని ఎవరనగలరు?

చికిత్సాచరిత్రమునకు వత్తము. అట్రోపీన్ సంతతికి చెందిన మందులు అనేకములు పుట్టినవి. 1975లో అమెరికా ప్రభుత్వము ఆక్సిబ్యుటినిన్‌ను అంగీకరించినది. 1998లో టోల్టెరొడీన్ వచ్చినది. దానిచే నోరు ఎండుట కొంత తక్కువ. పిమ్మట సోలిఫెనసిన్ మొదలైనవి వచ్చినవి. ఇవి అన్నియు ముడుచుకొమ్మను ఆజ్ఞను అడ్డగించునవే. 2011లో జపానుదేశమున అంగీకృతమైన మిరాబెగ్రాన్ వేరుదారిని పట్టినది. అది కండరమును సడలుమని చెప్పు గ్రాహకములను ప్రేరేపించును. కనుక నోటి తడి ఆరదు. కాని రక్తపోటును కనిపెట్టియుండవలయును. 2015లో సియాటిల్ నగరమున 65 సంవత్సరములు దాటిన 3,434 మందిని గూర్చి ప్రకటించిన పరిశోధనమున, అసిటైల్‌కోలిన్‌ను అడ్డు మందులను దీర్ఘకాలము హెచ్చుగా వాడినవారిలో మతిమరపు వ్యాధి అధికముగా కనబడినది. మందే దానికి కారణమని అది ఋజువుచేయలేదు. ఐనను వృద్ధులకు ఈ మందుల నిచ్చుటలో వైద్యులు నేడు వెనుకటికంటె జాగరూకులై యున్నారు.

మందులతో సమానముగా, ఒక్కొక్కయెడ వాటికి మిన్నగా, నిలిచిన చికిత్స మరియొకటి కలదు. దానికి సీసా లేదు, వెల లేదు. 1966లో లివర్‌పూల్ వైద్యులైన జెఫ్‌కోట్, ఫ్రాన్సిస్ అనువారు ఈ వ్యాధిగల స్త్రీలకు మూత్రాశయశిక్షణము నేర్పిరి. తరువాత ఫ్రూయెన్ అను వైద్యుడు దానిని విస్తరించెను. పద్ధతి యిది. రోగి మూడు దినములు తాను త్రాగిన నీటిని, వెళ్లిన వేళలను, వచ్చిన పరిమాణమును వ్రాసికొనవలయును. గంటకొకమారు వెళ్లుచున్నచో, మొదట వేగమునుబట్టి గాక గడియారమునుబట్టి గంటకొకమారు వెళ్లవలయును. వారమునకు పదియేను నిముషములో, అరగంటయో పెంచుచు రెండున్నర, మూడు గంటలకు చేరవలయును. నడుమ వేగము పుట్టినచో పరుగెత్తరాదు. నిలిచియో కూర్చుండియో, కటిభాగపు అడుగు కండరములను గబగబ కొన్నిమార్లు బిగించి వదలి, మనస్సును వేరొకదానిపై నిలిపినచో అల వచ్చి విరిగినట్లు ఆ వేగము తగ్గును. అప్పుడు నెమ్మదిగా నడచిపోవచ్చును. ఆ కండరములకు వ్యాయామము నేర్పినవాడు ఆర్నోల్డ్ కెగెల్ అను అమెరికా వైద్యుడు. ఆయన దానిని 1948లో ప్రకటించెను. ఈ శిక్షణము ఫలించుటకు ఆరు మొదలు పండ్రెండు వారములు పట్టును.

ఇది వట్టి ఓదార్పుమాట కాదు. 1991లో ఫాంటిల్ మొదలైనవారు 55 సంవత్సరములు పైబడిన స్త్రీలలో చేసిన పరీక్షలో ఈ శిక్షణమువలన మూత్రము జారుట నూటికి 57 పాళ్లు తగ్గెను. 1998లో క్యాథరిన్ బర్జియో మొదలైనవారు 197 మంది వృద్ధస్త్రీలను మూడు తెగలుగా విభజించి చూచిరి. కండరముల శిక్షణము పొందినవారికి 80.7 పాళ్లు, ఆక్సిబ్యుటినిన్ పుచ్చుకొన్నవారికి 68.5 పాళ్లు, ఉత్తమాత్ర మ్రింగినవారికి 39.4 పాళ్లు గుణము కనబడెను. ఉత్తమాత్రకే అంత గుణము వచ్చుట చూచినచో, ఒకరు శ్రద్ధతో విని ఆదరించుటయే ఈ వ్యాధియందు ఎంత ఔషధమో తెలియగలదు.

ఇక్కడ చరకుని మాట యెదురగును. వేగమును అణచరాదని ఆయన చెప్పగా, ఆపి నేర్చుకొనుడని వీరు చెప్పుట విరుద్ధము గాదా? ఆలోచించినచో విరోధము లేదు. నిండిన మూత్రాశయమును గంటలతరబడి బిగబట్టుట నేటి వైద్యమునకును సమ్మతము కాదు. మరుగుదొడ్డి లేక పగలెల్ల నీరు త్రాగక బిగబట్టుకొను బాలికల కష్టమును తలంచినచో చరకుని హెచ్చరిక యెంత విలువైనదో విశదమగును. శిక్షణమున ఆపవలసినది నిండకమునుపే పుట్టిన అకాలవేగమును మాత్రమే, అదియు కొలది నిముషములు మాత్రమే. సకాలవేగమును మన్నింపవలయును, అకాలవేగమును మచ్చిక చేసికొనవలయును.

శిక్షణమునకును, మందులకును లొంగని రోగులకు మరి రెండు దారులు ఏర్పడినవి. కాలిఫోర్నియాలో తనాగో, ష్మిట్ అనువారు 1980 తరువాత, వెన్ను అడుగు నరములకు సన్నని విద్యుత్ప్రేరణము నిచ్చు పరికరమును చర్మముక్రింద అమర్చు పద్ధతిని సాధించిరి. అమెరికాలో అది 1997లో అంగీకరింపబడినది. 2000లో జూరిచ్‌నందు బ్రిగిట్ షుర్క్ మొదలైన వైద్యులు, చెడిన ఆహారమున పుట్టు బొటులినమ్ విషమును అత్యల్పపరిమాణమున మూత్రాశయకండరమున సూదితో ఎక్కించి గుణము చూపిరి. దాని ప్రభావము కొన్ని నెలలు మాత్రము నిలుచును. పిమ్మట మరల చేయవలయును. కొందరికి మూత్రము బిగిసి గొట్టముతో తీయవలసిరావచ్చును. కనుక ఇవి తొలుత చేయు చికిత్సలు కావు.

కుండకు నీరు ఊరినట్లని చెప్పిన కాలమునుండి నరములకు విద్యుత్తు నిచ్చు కాలమువరకు సాగిన ఈ చరిత్రమున ఒక్క సంగతి స్పష్టమగుచున్నది. రోగి సోమరి యనియు, పిరికి యనియు, ముసలి యనియు చెప్పిన కారణములు ఒక్కొక్కటిగా రాలిపోయినవి. మిగిలినది శరీరమున ఆజ్ఞకును, అవయవమునకును నడుమ కలిగిన పొరపాటు. అది చాలవరకు సరిదిద్దదగినది. నిలువని వేగము కలిగినవారు నీరు మానివేయుట తగదు. చిక్కనైన మూత్రము మూత్రాశయమును మరింత రేపును. మూత్రమున రక్తము, మంట, జ్వరము ఉన్నచో ఆలసింపక వైద్యుని చూడవలయును. మధుమేహమును, సూక్ష్మజీవుల దోషమును ముందుగా పరీక్షింపవలయును. ఇంటిలోని పెద్దలు పెండ్లిండ్లకు, ప్రయాణములకు ఏదో సాకు చెప్పి మానివేయుచున్నారేమో చిన్నవారు కనిపెట్టి, చులకనచేయక అడుగవలయును. కడుపు చించుకొన్న కాళ్లమీద పడునని మనవారందురు. ఈ విషయమున మాత్రము ఆ సామెతను ప్రక్కనుంచుట మంచిది. మాట పెదవి దాటినచోట చికిత్స మొదలగుచున్నది. సిగ్గుచే మాట లోపలనే నిలిచినచోట ఇన్ని శతాబ్దముల విజ్ఞానమును వ్యర్థమగుచున్నది.